అక్క పాసు మీద వాల్తేరు

పందొమ్మిది వందల డెబ్బై మూడు, మే నెల పదిహేడో తారీఖు, గురువారం, మధ్యాహ్నం పన్నెండు గంటల ఇరవై నిమిషాలు. ఆ టైముకి రాజమండ్రి స్టేషన్లో మా ఆయన పోయాడు. అంటే, పోయాడని నేను ఒప్పుకున్నాను. మనిషి మాత్రం ఆ టైముకి పటమటలో బీరపందిరి కింద కూర్చుని, నేను నూరిపెట్టి వచ్చిన గోంగూర పచ్చడి కలుపుకొని అన్నం తింటూ ఉండి ఉంటాడు. ఒప్పుకోవడం కూడా నోటితో ఒప్పుకోలేదు. కాదనలేదు, అంతే.

ఇన్నేళ్ళ తర్వాత ఇది ఎందుకు గుర్తొచ్చిందంటే, పోయిన వారం మా ఎదురు ఫ్లాటావిడ వైజాగ్ వెళ్ళొచ్చింది. వచ్చిన సాయంత్రమే తలుపు కొట్టి, ఫోను నా ముక్కు దగ్గర పెట్టి, ఒక్కొక్క ఫొటో వేలితో తోస్తూ చూపించింది. నీళ్ళలో నిలబడి ఒకటి, గుర్రం ఎక్కి ఒకటి, మొక్కజొన్న పొత్తు కొరుకుతూ ఒకటి. చూస్తున్నంతసేపూ నా కడుపులో ఒక మంట. తొంభైకి దగ్గర పడ్డాను, కళ్ళలో శుక్లాలు, మోకాళ్ళలో గుజ్జు లేదు, అయినా ఆ మంట మాత్రం పదహారేళ్ళ పిల్లలా చలాకీగా లేచి వచ్చింది. "మీరెప్పుడైనా వైజాగ్ వెళ్ళారా మామ్మగారూ?" అని అడిగింది. "వెళ్ళాను. మా అక్కకి అత్తగారిగా వెళ్ళాను" అన్నాను. ఆవిడ మా కోడలి వైపు జాలిగా చూసింది. పెద్దావిడకి మతి తప్పుతోందనుకుంది కాబోలు. ఆవిడ వెళ్ళిపోయాక కాగితాలు తీసి కూర్చున్నాను. నాకు అక్షరాలు యాభయ్యో పడిలో వచ్చాయి. అందుకని నా రాత నెమ్మది. మాట మాత్రం ఎప్పుడూ నెమ్మది కాదు.

నాకు అక్కంటే కుళ్ళు. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. మా నాన్న దాన్ని రైల్వేలో ఫిట్టరుకిచ్చి చేశాడు, నన్ను పటమటలో ఆకుకూరలు పండించే మనిషికిచ్చి చేశాడు. అప్పటి పటమటంటే ఇప్పటి బంగారం కొట్లు, బిర్యానీ హోటళ్ళు కావు. బందరు కాలువ దాటి లోపలికొస్తే అన్నీ మళ్ళూ, పాదులే. మాకు ఎకరంబావు కౌలు. తోటకూర, గోంగూర, చుక్కకూర, బచ్చలి. ఆకుకూర పసిపిల్ల లాంటిది, రెండు పూటలా నీళ్ళు పడాలి, ఒక్క పూట తప్పితే తల వేలాడేస్తుంది. అందుకే పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నేను ఏ ఊళ్ళోనూ రెండు రాత్రులు వరసగా పడుకోలేదు. బందరు సముద్రం మాకు నలభై మైళ్ళు. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి వచ్చెయ్యొచ్చు. ఆ పొద్దునకీ సాయంత్రానికీ మధ్య ఉన్న రోజు మాకు ఎప్పుడూ దొరకలేదు.

అక్క వాళ్ళు సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళు. గోడకి సున్నం రైల్వే వాళ్ళే వేయిస్తారు, కుళాయి ఇంట్లోనే. అన్నిటికీ మించి పాసు. ఏడాదికిన్ని పాసులని బావకి హక్కు. ఆ కాగితం మీద ఇంట్లోవాళ్ళ పేర్లూ వయసులూ రాయించుకుంటే దేశంలో ఎక్కడికైనా టిక్కెట్టు లేకుండా వెళ్ళొచ్చు. ఒకేడు మద్రాసు, ఒకేడు పూరీ, రెండుసార్లు వాల్తేరు. వైజాగ్ స్టేషన్‌ని అప్పుడు వాల్తేరనే అనేవాళ్ళు. వెళ్ళొచ్చిన ప్రతిసారీ అక్క మా ఇంటికొచ్చి, నులకమంచం మీద కాళ్ళు పైకి పెట్టుకొని కూర్చుని, రెండు చేతులూ బార్లా చాపి, "ఇంత సముద్రమే" అనేది. దాని చేతులు ఎంత చాపినా మా పందిరి గుంజ దాటవు. కానీ ఆ చేతుల నున్నదనం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒకసారి నాకని ఒక శంఖం తెచ్చింది, చెవి దగ్గర పెట్టుకుంటే సముద్రం హోరు వినిపిస్తుందని. పెట్టుకున్నాను, వినిపించింది. అది వెళ్ళగానే తీసుకెళ్ళి కాలవలో పారేశాను. ఒకరు చూసొచ్చిన సముద్రం చప్పుడు నా ఇంట్లో నాకెందుకు?

ఆ ఏడు వేసవిలో వాల్తేరుకి పాసు తీశారు. అక్క, బావ, వాళ్ళ పదేళ్ళ కూతురు, బావ వాళ్ళమ్మ. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది, కొడుకు మీద ఆధారపడ్డ తల్లి కింద ఆవిడ పేరు కూడా పాసులో ఉంటుంది. ప్రయాణం ఇంకో మూడు రోజులుందనగా ఆవిడ కుళాయి దగ్గర పాచి మీద జారింది. కాలు గుమ్మడికాయంత వాచింది. చూడ్డానికని నేను గంపలో బచ్చలికూర వేసుకొని వెళ్ళాను. అక్క కూర తీసుకుంటూ తీసుకుంటూ నా వంక పరీక్షగా చూసింది.

"ఒక చోటు ఊరికే పోతందే" అంది.

"పోతే పోనీ. నన్నేం చెయ్యమంటావు?"

"నువ్వు రారాదూ? అత్తయ్య బదులు. నీ తల ఎలాగూ ముగ్గుబుట్టే. ముందు పన్ను కూడా ఊడింది. ఎవడు చూసినా అరవై రెండంటే నమ్ముతాడు."

అప్పుడు నాకు ముప్పై ఆరు. మావైపు వాళ్ళకి తల తొందరగా నెరుస్తుంది, అక్కకి మాత్రం నెరవలేదు. దానికి దొరికిన నీడా, సబ్బూ, కొబ్బరినూనే నాకూ దొరికి ఉంటే ఎలా ఉండేదో నాకు తెలియదు. మంచం మీద నుంచి వాళ్ళత్తగారు, "నాకు అరవయ్యేనే. వీడు పాసులో రెండెక్కువ రాయించాడు" అని గొణిగింది. తర్వాత నా మొహం చూసి, నేను ఒప్పుకోబోతున్నానని తెలిసిపోయినట్టుంది, లేచి కూర్చుంది. "వద్దమ్మాయ్. బొట్టు తీసెయ్యాలి, గాజులు తీసెయ్యాలి, నా తెల్లచీర కట్టాలి. అవతల నీ మొగుడు నిక్షేపంలా ఉన్నాడు. అది సరదాకి కట్టుకునే చీర కాదు. నేను కట్టుకోలేక కట్టుకున్నాను."

ఆవిడ చెప్పింది నాకు అర్థమైంది. అర్థం కాలేదని అబద్ధం రాయను. మా ఇళ్ళలో ఆడది గాజు చిట్లితే కూడా "విరిగింది" అని అనదు, "పెరిగింది" అంటుంది. అలాంటి చోట పుట్టి, అలాంటి చోట కాపరం చేస్తూ, పదహారు పచ్చ గాజులు చేతులకుండగా, నేను "వస్తాను" అన్నాను. సముద్రం మీద ప్రేమ అనుకునేరు. కాదు. అక్క చూసింది నేను చూడాలి, అంతే.

మా ఆయనకి పాసు సంగతి చెప్పాను, చీర సంగతి చెప్పలేదు. ఆయన మడిలో పార పట్టుకొని ఉన్నాడు. "రెండు పూటలా నీళ్ళు నేను కడతాలే, పిల్లల్ని చూసుకుంటాలే. వెళ్ళిరా" అన్నాడు. నాలుగడుగులు వేశాక, "ఆ పాసులో నాక్కూడా ఓ మూల చోటుందేమో అడగకపోయావా?" అన్నాడు. నేను, "నువ్వూ వస్తే ఈ మళ్ళకి మీ తాత కడతాడా నీళ్ళు?" అన్నాను. నవ్వాడు. అది వేళాకోళమేనని అప్పుడు అనుకున్నాను.

గురువారం తెల్లారకముందే క్వార్టర్స్‌లో వేషం మొదలైంది. అక్క నా చేతులకి సబ్బు నురగ రాసి ఒక్కొక్క గాజే జార్చింది. మట్టిలో పని చేసిన చేతులు, కణుపులు లావు, రెండు మాత్రం రాలేదు, పెరిగాయి. మంగళసూత్రం రవిక లోపలికి తోసి పిన్నీసు పెట్టింది. బొట్టు నేనే తుడుచుకున్నాను. వాళ్ళత్తగారు గోడ వైపు తిరిగి పడుకుంది. అక్క కూతురు మాత్రం సంబరంగా, "పిన్నీ, ఇప్పట్నుంచి నువ్వు నాయనమ్మవి" అని నా కొంగు పట్టుకుంది.

పాసింజరు బండి ఆరుంబావుకి కదిలింది. నేను కిటికీ పక్కన కూర్చోవాలనుకున్నాను. "ముసలివాళ్ళకి గాలి పడదు అత్తయ్యా, ఇటు జరగండి" అని అక్క కూర్చుంది. ఏలూరు దాకా అది ఆ ముక్క ఎన్నిసార్లు వాడుకుందో లెక్కలేదు. అత్తయ్యా, మంచినీళ్ళు తాగుతారా. అత్తయ్యా, కాళ్ళు లాగుతున్నాయా. నాకంటే నాలుగేళ్ళు పెద్దది, నల్లటి జడలో కనకాంబరాలు పెట్టుకొని. ప్రతి స్టేషన్లోనూ పేరు పలక పైకి చదివేది. భీమడోలు, తాడేపల్లిగూడెం, నిడదవోలు. చదువుతూ చదువుతూ ఓరగా నా వైపు చూసేది. నాకు ఆ పలకల మీద ఉన్నవి చీమలు పాకినట్టుండేవి. తర్వాత ఎప్పటికో నేను పలక పట్టడానికి ఆ చూపు కూడా ఒక కారణం. చదువు మీద ఇష్టమేమీ లేదు.

కొవ్వూరులో టీసీ ఎక్కాడు. పాసు చదివి, నా వైపు ఒక్కసారి చూశాడు. నా గుండె గోదావరిలో పడ్డంత పనైంది. దొరికితే బావ ఉద్యోగానికే ముప్పు, ఆ సంగతి బావే దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. టీసీ పాసు మడిచి ఇచ్చేసి, "వంతెన మీద గాలి ఎక్కువ, జాగ్రత్తగా కూర్చోండి మామ్మగారూ" అన్నాడు. అంతే. రెండోసారి చూడను కూడా లేదు. దొరకనందుకు సంతోషించాలా, అరవై రెండేళ్ళ ముసలమ్మనని అంత తేలిగ్గా నమ్మినందుకు ఏడవాలా తెలియలేదు. అక్క పమిట నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుకుంది. బావ రైల్వే మనిషని తెలిశాక టీసీ మా ఎదుటే కూర్చుని, పులిహోర తింటూ, ట్రాన్స్‌ఫర్ల గొడవలు చెప్పడం మొదలుపెట్టాడు.

రాజమండ్రిలో బండి ఆగింది. టీసీ గడియారం చూసి, "పన్నెండూ ఇరవై. ఇక్కడికే ముప్పావుగంట లేటు" అన్నాడు. ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే, భుజాన గాజుల మలారం వేసుకొని ఒక ముసలాయన మా పెట్టెలోకి ఎక్కాడు. గాజులన్నీ తాళ్ళకి గుచ్చి కట్టిన ఆ మూట గలగల నేను ఎక్కడున్నా పోల్చుకోగలను. మా పటమటకి పండగ పండక్కీ వచ్చే గాజుల సాయిబు. నా పెళ్ళయిన దగ్గర్నుంచీ నా చేతులకి గాజులు వేస్తున్నది ఆయనే. రాజమండ్రిలో సరుకు కొనుక్కొని, సామర్లకోటలో కూతురింటికి వెళుతున్నాడట.

నేను తల దించుకున్నాను. లాభం లేదు. గాజులమ్మేవాడు మొహం చూడకముందే చేతులు చూస్తాడు. ఆయన నా ఒడిలో ఉన్న బోడి చేతుల్ని చూశాడు, తర్వాత తలెత్తి నా నుదురు చూశాడు. మలారం అక్కడే నేల మీద దించేశాడు.

"అమ్మా" అన్నాడు. "ఎప్పుడమ్మా?"

అక్క నా తొడ మీద గిల్లింది. నేను మాట్లాడలేదు.

"మొన్న ఉగాదికి కూడా వచ్చానే. పార పుచ్చుకొని గట్టు చెక్కుతున్నాడే. ఏ జబ్బూ లేదే మనిషికి."

టీసీ పులిహోర పొట్లం మీద నుంచి తలెత్తాడు. "ఎవరండీ పోయింది?" అని బావనడిగాడు.

"మా నాన్నగారండి" అన్నాడు బావ. చెమట్లు కారుతున్నాయి. "పాత మాటలెండి."

సాయిబు బావ వంక చూశాడు. నలభై రెండేళ్ళ మనిషి, మీసాల్లో నెరుపు. మళ్ళీ నా వంక చూశాడు. పాపం, ఏమనుకున్నాడో అప్పుడు మాకు తెలియదు. మర్యాదస్తుడు, ఏమీ అడగలేదు. నా కాళ్ళ దగ్గర నేల మీద గొంతుక్కూర్చుని, కళ్ళు తుడుచుకున్నాడు.

"బంగారం లాంటి మనిషమ్మా" అన్నాడు. "నీకు తెలియదేమో, ఇన్నేళ్ళూ నేను మీ ఇంటికొచ్చే ముందు కాలవగట్టు మీద నన్ను ఆపేవాడు. 'సాయిబూ, మాదానికి ఎర్రవి చూపించు. పొద్దస్తమానం ఆ ఆకుల్లో పచ్చరంగే చూసి చూసి దాని కళ్ళు పుళ్ళయిపోతాయి. అడుగుతుందనుకోకు, అది అడగదు' అనేవాడు. నేను ఎర్రవి ముందు పెట్టేవాణ్ణి. నువ్వేమో 'మట్టిలో పనికి ఎర్రవెందుకు' అని పచ్చవే తీసుకునేదానివి. నేను తిరిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ ఆపి, 'తీసుకుందా?' అనేవాడు. లేదంటే, 'పోన్లే, ఈసారి చూద్దాం' అనేవాడు. పద్దెనిమిదేళ్ళు అడిగాడమ్మా ఆ మాట."

నాకు ఈ సంగతి తెలియదు. ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. మా ఇంట్లో మాటలంటే నీళ్ళు కట్టావా, మోపులు కట్టావా, అన్నం అయిందా, అంతే. బండి ఊగుతోంది, టీసీ వింటున్నాడు, నేను ఎటూ చూడలేక అక్క వైపు చూశాను. చూసి, చూపు తిప్పుకోలేకపోయాను.

అక్క మొహం మాడిపోయింది. బావకి ఏమవుతుందోనన్న భయం కాదది, భయమైతే బావ మొహంలో ఉంది. అక్క నన్నే చూస్తోంది, నా బోడి చేతుల్ని చూస్తోంది, పెదవి లోపలికి లాక్కొని. ఆ రంగేమిటో నాకొక్కదానికే తెలుసు. నలభై మైళ్ళ దూరంలో సముద్రం పెట్టుకొని, పద్దెనిమిదేళ్ళు నేను అద్దంలో చూసుకున్న రంగు. అక్క నన్ను చూసి కుళ్ళుకుంటోంది. నేను ఊహించుకోలేదు. కాసేపాగి అది బావ మోచేతిని తట్టి, నెమ్మదిగా, "నాకే రంగు గాజులిష్టమో మీకు తెలుసా?" అంది. బావ టీసీ మీద నుంచి చూపు తియ్యకుండా, "నీకు పాసుందిగదే" అన్నాడు.

నేను నోరు తెరిచి "మా ఆయన బతికే ఉన్నాడు" అంటే టీసీ వింటాడు, బావ ఉద్యోగం పోతుంది. అందుకని ఊరుకున్నానని ఆ తర్వాత అందరికీ చెప్పాను. నమ్మారు. నిజమే కూడా, అనపర్తి దాకా నిజం. అనపర్తిలో టీసీ లేచి, చెయ్యి కడుక్కొని, పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి సామర్లకోటకి ఇంకా రెండు స్టేషన్లున్నాయి. పెట్టెలో మేమూ, సాయిబూ, ఆ చివర నిద్రపోతున్న ఎవరో ఇద్దరు. సాయిబు దగ్గరికి వంగి, చెవిలో ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆయన నవ్వేవాడు, కోప్పడేవాడు, అయిపోయేది. అక్క కూడా నవ్వేది, అదీ అయిపోయేది. నేను దాన్ని అవనివ్వలేదు. అక్క మొహంలో ఆ రంగు ఇంకొంచెంసేపు ఉండాలనిపించింది. బిక్కవోలు వచ్చింది, వెళ్ళింది. సాయిబు మా ఆయన గురించి ఇంకా చెబుతూనే ఉన్నాడు. నేను తల వంచుకొని, చచ్చిపోయిన మొగుడి గురించి వింటున్నదానిలా విన్నాను. అక్క వింటోందా లేదా అని మధ్యమధ్యన చూసుకున్నాను.

సామర్లకోటలో సాయిబు దిగి, కిటికీ దగ్గరికి వచ్చి, "మీ ఇంటికి వస్తానమ్మా. పిల్లల్ని చూసి పోతాను" అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. బండి కదిలింది.

వాల్తేరులో బావ స్నేహితుడి క్వార్టర్స్‌లో దిగాము. వాళ్ళకీ నిజం చెప్పలేదు, మాట ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందోనని. అందుకని రెండు రోజులూ నేను ముసలమ్మనే. ఆ ఇంటావిడ సాయంత్రం మల్లెపూల దండ తెచ్చి అక్కకి సగం తుంచి ఇచ్చింది, పాపకి ముక్కిచ్చింది, నా దగ్గరికొచ్చి ఆగింది. ఆవిడ ఇబ్బంది చూసి అక్క, "అత్తయ్యకి వద్దులెండి" అంది. తీరిగ్గా, నా కళ్ళలోకి చూస్తూ అంది. రైల్లో పడ్డ బాకీ అక్కడ తీర్చుకుంది. నాకు తెలుసు, దాని స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

సముద్రం చూశాను. చూడగానే కళ్ళనీళ్ళు తిరిగాయని రాస్తే బాగుంటుంది, కానీ తిరగలేదు. నాకు మొదట తట్టింది, ఇన్ని నీళ్ళు పెట్టుకొని ఒక్క తోటకూర మడి తడపలేదు గదా అని. తర్వాత అల వచ్చి కాళ్ళ కింద ఇసుకని లాక్కుపోయింది, నిలబడ్డ చోటే నేల జారిపోతోంది, అప్పుడు భయమేసింది, ఆ భయం బాగుంది. అటు కొండ ముక్కులా సముద్రంలోకి పొడుచుకొచ్చింది. ఓడొకటి కదలకుండా నిలబడింది. ఎండ దిగాక నీళ్ళకి మా కాలవకి ఎప్పుడూ రాని నీలం వచ్చింది. అక్క చేతులు చాపి చూపించింది అబద్ధమేమీ కాదు, చాలా తక్కువ చూపించింది. అది చూస్తూ కూడా నేను లెక్కేసుకుంటున్నాను, వాల్తేరు నాకు మొదటిసారి, దానికి మూడోసారి అని. కుళ్ళుబోతుకి సముద్రం చూపించినా అంతే.

ఆదివారం పొద్దున క్వార్టర్స్‌లో వేషం తీసేసి ఇంటికొచ్చాను. బొట్టు పెట్టుకొనే వచ్చాను, గాజులు వేసుకొనే వచ్చాను, మిగిలినవి పద్నాలుగు. తెల్లచీర సంచిలో ఉంది, ఉతికి ఇమ్మంది అక్క. మా ఆయన పందిరి కింద కూర్చుని మోపులకి అరటినార చీలుస్తున్నాడు. తలెత్తలేదు.

"సాయిబొచ్చాడు" అన్నాడు.

నేను సంచి కింద పెట్టాను.

"నిన్న పొద్దున. కూతురింట్లో అన్నం సహించలేదంట, పిల్లల్ని చూద్దామని వచ్చాడు. నన్ను చూసి గట్టు మీద నుంచి కాలవలోకి పడబోయాడు. పట్టుకొని కూచోబెట్టి మజ్జిగిచ్చా." నార చీలుస్తూనే ఉన్నాడు. "నాకు రైల్లో ఉజ్జోగం చేసే కొడుకున్నాడంటగా, మొదటి పెళ్ళానికి పుట్టినోడు? మీసాలు కూడా నెరిశాయంట. పోయాకగానీ తెలవలేదు."

నేను నవ్వబోయాను. ఆయన నవ్వడం లేదు.

"కాదని ఒక్క మాట అనలేదంటగదే."

"ఎదురుగా టీసీ ఉన్నాడు" అన్నాను. "బావ ఉద్యోగం పోయేది."

"ఊఁ" అన్నాడు. "టీసీ ఉంటే ఇంకేమంటావులే."

ఇంకో నార తీసి చీల్చాడు. తర్వాత, "సముద్రం ఎలాగుంది?" అని అడిగాడు. చెప్పాను. ఓడ, కొండ, కాళ్ళ కింద ఇసుక జారడం, అన్నీ. నార పక్కన పెట్టి విన్నాడు. "నీళ్ళు నిజంగానే ఉప్పగుంటాయా?" అన్నాడు. సంచిలోంచి తెల్లచీర తీసి, ఉప్పుతో గట్టిపడ్డ అంచు చూపించాను. రెండు వేళ్ళ మధ్య నలిపాడు, తెల్లటి పొడి రాలింది, వేలు నాలిక్కి రాసుకున్నాడు. "ఇంతా చేసి ఉప్పేగా" అన్నాడు. చీర మడిచి నా చేతికిచ్చాడు. "ఉతికి ఇవాళే పంపించెయ్యి. మళ్ళీ మనింట్లో కనపడనీకు."

ఆ విషయం మీద ఆయన అన్నది అదొక్కటే. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికాడు, ఎత్తలేదు. సముద్రం ఆయన చూడలేదు. ఏటా వచ్చే ఏడు వెళదామనుకునేవాళ్ళం. సాయిబు మాత్రం ఆ తర్వాత ఎప్పుడొచ్చినా, ముందు గట్టు మీద నుంచే "అయ్యా, ఉన్నారా?" అని కేకేసి, ఆయన "ఉన్నా" అన్నాకనే మలారం దించేవాడు. అక్క పోయి ఆరేళ్ళవుతోంది. నిద్రలో పోయింది, మంచాన పడకుండా, ఎవరిచేతా ఒక్క గ్లాసు నీళ్ళు అందుకోకుండా, దానికి కూడా పాసున్నట్టు. అందుకూ నాకు కుళ్ళే. మా ఇద్దరి మధ్యా ఆ రైలు మాట ఒక్కసారి కూడా రాలేదు.

టీసీ అనపర్తిలోనే వెళ్ళిపోయాడని మా ఆయనకి నేను చెప్పలేదు. ఆయన పోయేనాటికి కూడా టీసీ సామర్లకోట దాకా మా ఎదురుగానే కూర్చున్నాడు. పాసింజరు బండికి అనపర్తి నుంచి సామర్లకోటకి ఎంతసేపు పడుతుందో ఎవర్నైనా అడిగితే చెబుతారు, ముప్పావుగంటో, ఇంకా తక్కువో. నాకు మాత్రం యాభై ఏళ్ళు దాటినా ఆ ప్రయాణం ఇంకా అవలేదు.

ఆ రోజు ఆ పెట్టెలో ఉన్నవాళ్ళు: మా అక్క వెంకటరత్నం. బావ సూర్యనారాయణ. వాళ్ళ అమ్మాయి విజయ. గాజుల మస్తాన్ సాయిబు గారు. టీసీ గారికి కోటు మీద పేరు బిళ్ళ ఉంది, అప్పటికి నాకు చదవడం రాదు. పాసు కాగితం మీద మహాలక్ష్మమ్మగా ఉన్న నేను, సీతారావమ్మని. ఇంకొకాయన ఆ పెట్టెలో లేడు, అయినా అందరికంటే ఎక్కువగా ఉన్నాడు. మొగుడి పేరు ఆడది నోటితో అనకూడదని మా అమ్మ చెప్పింది, నేను ఎన్నడూ అనలేదు. రాయకూడదని చెప్పలేదు, మా ఇళ్ళలో ఆడవాళ్ళకి రాయడం వస్తుందని ఆవిడ అనుకొని ఉండదు. ఆయన పేరు కోటయ్య.